పార్కింగ్‌లో ఉన్నారు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే క్యూలు కడతానని చెబుతాను. అబద్ధమేమీ కాదు. కంప్యూటర్లో ఉత్తుత్తి మనుషులను పుట్టించి, ఉత్తుత్తి వరుసల్లో నిలబెట్టి, ఎవరు ఎంతసేపు కాళ్లు పీకేలా నిలబడ్డారో లెక్క చూడటమే నా పని. దాన్ని సిమ్యులేషన్ అంటారు. ఒక రోజును తెరమీద కొన్ని వందలసార్లు నడిపిస్తే, నిజం రోజు ఎక్కడ ఇరుక్కుపోతుందో ముందే తెలుస్తుంది. ఇదివరకు గోడౌన్ల ముందు ఆగే లారీలకు చేశాను, విమానాశ్రయంలో సామాన్ల బెల్టులకు చేశాను. లారీకి కోపం రాదు, పెట్టెకు అవమానం ఉండదు. ఆ రోజుల్లో నా పని హాయిగా ఉండేది.

మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో పదకొండో అంతస్తు. నేనుండేది కొండాపూర్‌లో, ఒక్క పడకగది ఫ్లాటులో. నలభై మూడేళ్ల ఒంటరి ఆడదానికి కిరాయికి ఇల్లు దొరకడమే గొప్ప కాబట్టి, నీళ్ల ట్యాంకరు శబ్దానికి రోజూ మెలకువ వచ్చినా ఓనరుతో గొడవ పెట్టుకోను. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అందరికీ బై చెప్పాక, సోమవారం పొద్దున లిఫ్టులో ఎవరైనా పలకరించేదాకా నా గొంతు నేను వినని వారాలున్నాయి. సరుకులు తెచ్చేవాళ్లు సంచి తలుపు దగ్గర పెట్టి ఫోనులో ఫోటో పంపుతారు. థాంక్స్ అని చెప్పే అవసరం కూడా తీరిపోయింది.

అలాంటి నాకు ఒక ప్రైవేటు ఆసుపత్రి పని అప్పగించారు. వాళ్ల బాధ ఏమిటంటే, ఓపీకి అపాయింట్‌మెంటు తీసుకున్నవాళ్లలో చాలామంది రావడం లేదట. డాక్టరు కాసేపు ఖాళీగా కూర్చుంటాడు, ఆ తర్వాత హాలంతా ఒక్కసారిగా నిండిపోతుంది. ఆసుపత్రి పెద్దాయన దగ్గర మందు కూడా సిద్ధంగా ఉంది. ఒక్కో సమయానికి ఇద్దరేసి పేషెంట్లను ఇచ్చేస్తే ఒకరు రాకపోయినా ఇంకొకరుంటారు. రెండుసార్లు రానివాళ్లకు ఇక ఫోనులో అపాయింట్‌మెంటు ఇవ్వకూడదు, పొద్దున్నే వచ్చి టోకెను కోసం లైను కట్టాల్సిందే. ఇది బాగా పనిచేస్తుందని మీ కంప్యూటర్లో నడిపి చూపించండి చాలు అన్నాడాయన. జవాబు ముందే రాసిపెట్టుకుని ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా నవ్వుతూ తలూపాను.

ఆ ఆసుపత్రి నాకు కొత్తది కాదు. వేసవిలో పొట్ట పైభాగంలో నొప్పి మొదలైతే ఒక గురువారం అక్కడికే వెళ్లాను. వెళ్లి, డాక్టరును చూడకుండానే విసుక్కుని తిరిగొచ్చేశాను. నాకు ఓపిక తక్కువ, అంతే అనుకున్నాను. ఆ నొప్పి మాత్రం వానాకాలం వచ్చినా పోలేదు. గ్యాసు మాత్రలతో నెట్టుకొస్తున్నాను. తెల్లాపూర్‌లో తమ్ముడున్నాడు. చెబితే ఒకపూట సెలవు పెట్టి వస్తాడు. దానికి ముందు అరగంట, తర్వాత అరగంట నా జీవితం మీద క్లాసు పీకుతాడు. అందుకని చెప్పలేదు.

క్యూ తయారు చేయాలంటే ముందు అసలు క్యూను చూడాలి. రెండు వారాలపాటు రెండో అంతస్తులోని ఓపీ హాలులో ఒక మూల కుర్చీలో ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాను. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు లోపలికి వెళ్లారు, ఎప్పుడు బయటపడ్డారు, అన్నీ నొక్కుతూ ఉండాలి. మా పనిలో ఒక నియమం ఉంది. చూడటానికి వెళ్లినవాళ్లు దేన్నీ కదిలించకూడదు. ఎవరికీ సాయం చేయకూడదు, ఎవరికీ దారి చెప్పకూడదు. చేస్తే లెక్క పాడవుతుంది. ఈ నియమం నా స్వభావానికి అతికినట్టు సరిపోయింది.

హాలు ద్వారం దగ్గర బీపీ, బరువు చూసే బల్ల ఉండేది. అక్కడ కూర్చునే సిస్టరుది గుంటూరు వైపు. మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ, జేబులో నాలుగు రంగుల పెన్నులు. బరువు చూసి, బీపీ చూసి, కంప్యూటర్లో ఎక్కించి, ఒక్కొక్కరినీ తప్పకుండా ఒక ప్రశ్న అడిగేది.

"మీతో ఎవరొచ్చారండీ?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఎందుకంటే ఆ ఆసుపత్రిలో పేషెంటు ఒక్కరే అయినా పనులు నాలుగు. బరువు చూశాక ఫైలు పట్టుకుని కిందికి వెళ్లి బిల్లు కట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ లైను బాగా నెమ్మది. ఈలోగా పైన పేర్లు పిలుస్తూనే ఉంటారు. అందుకే మనవాళ్లు ఆసుపత్రికి దండుగా వస్తారు. కొడుకు బిల్లు లైనులో, కోడలు మందుల షాపులో, అల్లుడు స్కానింగు దగ్గర, పేషెంటు మాత్రం పెళ్లిపెద్దలా కుర్చీలో. ఒక ముసలాయనకైతే ఏడుగురు వచ్చారు. వాళ్లలో ఒకామె పని కేవలం ఆయన చెప్పులు చూసుకోవడం. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

ఒంటరిగా వచ్చినవాళ్లు కూడా ఉండేవారు. సిస్టరు ప్రశ్నకు వాళ్లు కాస్త తడబడి, దాదాపు అందరూ ఒకే మాట చెప్పేవారు. పార్కింగ్‌లో ఉన్నారు. మా ఆయన పార్కింగ్‌లో ఉన్నారు, మా అబ్బాయి బండి పెట్టి వస్తున్నాడు. సిస్టరు తోడు ఉన్నారని నొక్కేసి పంపేది. ఆ తర్వాత గంట గడిచినా పార్కింగ్ నుంచి ఎవరూ వచ్చేవారు కాదు.

రెండో వారం మంగళవారం, మణికొండ నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. రెండు ఇళ్లలో వంట చేస్తుందట. గొంతు దగ్గర నిమ్మకాయంత గడ్డ, దాన్ని కొంగుతో కప్పుకుంది. సిస్టరు అడిగితే మా ఆయన పార్కింగ్‌లో ఉన్నాడనే చెప్పింది. తర్వాత నా పక్క కుర్చీలో కూర్చుని, చేతిలోని స్కానింగు కవరు చూపించి, పోయినసారి పని మానుకుని వచ్చినా డాక్టరును చూడలేకపోయానని, గడ్డ మంచిదో చెడ్డదో ఆయన చెబితేగాని తెలియదని చెప్పుకొచ్చింది. నేను ఊ అన్నాను. కాసేపు అటూ ఇటూ చూసి నావైపు వంగింది.

"అక్కా, జర నా పేరు పిలిస్తే కిందికి పోయిందని చెప్తవా? బిల్లు గట్టి ఉరికొస్త."

నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నానని, మధ్యలో మాట్లాడకూడదని చెప్పాను. ఎంత మర్యాదగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె లేచింది. పోయి లైనులో నిలబడింది. ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ విన్నాను. రాలేదు, రాసేయండి అని సిస్టరు లోపలికి కేకేసింది. నేనూ నా ట్యాబులో ఆమె పేరుకు ఎదురుగా 'నో షో' నొక్కాను. ఆమె రొప్పుతూ మెట్లెక్కి వచ్చేసరికి డాక్టరు ఆపరేషన్లకు లేచి వెళ్లిపోయాడు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు వారాల తర్వాతి మంగళవారానికి పేరు రాయించుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆఫీసుకు వెళ్లి మోడల్ కట్టాను. తెరమీద మనుషులకు బదులు చుక్కలు తలుపులోంచి వచ్చి, కుర్చీల్లో కూర్చుని, ఒక్కొక్కటే డాక్టరు గదిలోకి వెళ్లేవి. కొన్ని చుక్కలు అసలు తలుపు దగ్గరికే వచ్చేవి కావు. అవి 'నో షో'లు. ఎవరు వస్తారో ఎవరు రారో కంప్యూటరు పాచికలు వేసి తేల్చేది. ఇద్దరేసి పేషెంట్లను ఇచ్చి నడిపితే డాక్టరు ఒక్క నిమిషం ఖాళీగా లేడు. నాకంటే పదేళ్లు చిన్నవాడైన మా మేనేజరు భుజం తట్టినంత పని చేశాడు. కానీ నా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నా తెరమీద హాలు, నేను చూసిన హాలు ఒకటిగా లేవు. నా హాలు పల్చగా ఉంది. అసలు హాలులో ఎప్పుడూ ఇంకొందరు ఎక్కువ ఉండేవారు.

ఆ ఎక్కువ మనుషులు ఎవరో తేలక మూడు రోజులు తల పట్టుకున్నాను. నాలుగో రోజు ఆసుపత్రి ఇచ్చిన పాత రికార్డులు తెరిచాను. పేర్లు తీసేసి పంపిన ఆరు నెలల పట్టిక. అంతవరకు నేను చివరి గడి మాత్రమే చూసుకున్నాను, వచ్చారా లేదా అని. ఈసారి వరుస మొత్తం చదివాను. ఆడ, యాభై రెండేళ్లు, 'నో షో'. బరువు యాభై తొమ్మిది కిలోలు. మగ, అరవై ఏళ్లు, 'నో షో'. బరువు డెబ్బై. బీపీ కాస్త ఎక్కువ.

రానివాళ్లను ఎలా తూచారు?

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చెప్పుకోవడానికి చుట్టూ ఎవరూ లేరు. మళ్లీ కూర్చుని కిందికి జరుపుతూ పోయాను. ఊరికే రానివాళ్లకు బరువు గడి ఖాళీగా ఉంది. కానీ బరువున్న 'నో షో'లు ఒకటి కాదు, రెండు కాదు, పేజీ తర్వాత పేజీ. వీళ్లంతా వచ్చారు. మెట్లెక్కారు, తూకం మీద నిలబడ్డారు, బీపీ పట్టీకి చెయ్యి చాపారు. ఆ తర్వాత బిల్లు కట్టడానికి కిందికి వెళ్లారు. పిలిచినప్పుడు పలకడానికి పైన ఎవరూ లేరు. మరి తోడు గడి చూద్దామంటే అందులో చాలామందికి 'ఉన్నారు' అనే ఉంది. ఇంకెవరైనా అయితే ఆ గడిని నమ్మి ఊరుకునేవారు. నేను నమ్మలేదు. ఆ గడి ఎలా నిండుతుందో నాకు తెలుసు.

ఎందుకంటే వేసవిలో నేనూ అదే చెప్పాను.

ఆ గురువారం తారీఖు వెతికాను. పది నలభై. ఆడ, నలభై మూడు, కొండాపూర్. పొట్ట నొప్పి. బరువు అరవై ఒకటి. తోడు: ఉన్నారు. 'నో షో'.

చాలాసేపు ఆ ఒక్క వరుసనే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు సిస్టరు అడగ్గానే, మా తమ్ముడు కారు పార్క్ చేసి వస్తున్నాడని అన్నాను. ఎవరూ రాలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు. కింద బిల్లు లైనులో నిలబడ్డాను. పైకి వచ్చేసరికి మీ పేరు పిలిచేశామండీ, మళ్లీ రాయించుకోండి అన్నారు. విసుక్కుని ఇంటికి వచ్చేశాను. ఇన్నాళ్లూ నా ఓపిక తక్కువతనమే అనుకున్న సంగతి ఆ పట్టికలో ఇంకోలా ఉంది. అక్కడ లేని మా తమ్ముడు ఉన్నాడు. అక్కడికి వెళ్లిన నేను రాలేదు. వాష్‌రూముకు వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. చిన్న విషయానికి ఏడ్చానని ఎవరైనా అంటే అననివ్వండి.

మణికొండ ఆమె పేరు రాయించుకున్న మంగళవారం, నా రెండు వారాలు అయిపోయినా, ఏదో సరిచూడాలని వంక చెప్పి మళ్లీ హాలుకు వెళ్లాను. ఆమె వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఈసారి నాకేమీ చెప్పలేదు. మళ్లీ భర్త పార్కింగ్‌లో ఉన్నాడని చెప్పి, బరువు చూపించుకుని, ఫైలు పట్టుకుని కిందికి పరుగెత్తింది. అనుకున్నట్టే ఆమె లైనులో ఉండగా పేరు పిలిచారు. ఒకటి. రెండు. మూడోసారి పిలవకముందే లేచాను.

"ఉందండీ. వచ్చింది. కింద బిల్లు కడుతోంది."

హాలులో అందరూ నావైపు తిరిగారు. రెండు వారాలు కుర్చీలో కుర్చీలా కూర్చున్న మనిషి మాట్లాడేసరికి సిస్టరుకు కూడా వింతగానే ఉన్నట్టుంది. మీకేమవుతారండీ అని అడిగింది. ఏమీ కారని చెప్పాను. ఆమె ఇద్దరిని ముందు పంపి, తర్వాత మళ్లీ పిలిచింది. అప్పటికి మణికొండ ఆమె వచ్చేసింది.

పావుగంట తర్వాత బయటికి వచ్చింది. నా దగ్గరికే వచ్చి కూర్చుంది. నేను పలికిన సంగతి సిస్టరు చెప్పినట్టుంది.

"ఆపరేషన్ జెయ్యాలంట అక్కా. భయం లేదన్నరు. గానీ తోడు మనిషి లేకుంటే చెయ్యరంట." కాసేపు కవరు మీద గీతలు గీసింది. తర్వాత నవ్వింది. "ఇగ ఆ పార్కింగ్ల ఉన్నోన్ని తోల్కరావాలె."

నేనూ నవ్వాను. ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆయన నాలుగేళ్ల కిందట వదిలేసి పోయాడట. నేను వస్తానని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో ఎన్నిసార్లు ఆలోచించినా సరైన కారణం దొరకదు. మనుషులతో మాట కలిపే అలవాటు తప్పిపోయినవాళ్లకు, కలపాల్సిన క్షణం ఎంత తొందరగా వెళ్లిపోతుందో తెలియదు. నేను సరైన మాట వెతుక్కునేలోగా ఆమె బస్సుకు టైమవుతోందని లేచింది.

మోడల్ మొత్తం తీసేసి మళ్లీ కట్టాను. ఈసారి చుక్కలు రెండు రకాలు. తోడున్నవి, లేనివి. తోడున్న చుక్క కుర్చీలో ఉండగానే దాని బిల్లు కదులుతుంది. తోడు లేని చుక్క తనే కిందికి దిగాలి, తనే ఎక్కాలి. ఈలోగా పిలుపు వస్తే అది తెరమీంచి మాయమవుతుంది. ఇలా నడిపేసరికి నా హాలు అచ్చం అసలు హాలులా నిండింది. ఆ తర్వాత పెద్దాయన కోరినట్టు ఇద్దరేసి పేషెంట్లను ఇచ్చి చూశాను. కింద బిల్లు లైను పొడుగైంది. తోడు లేని చుక్కలు ఇంకా ఎక్కువ మాయమయ్యాయి. రానివాళ్లకు మందు అనుకున్నది వచ్చినవాళ్లనే ఎక్కువగా తుడిచేస్తోంది.

మీటింగులో ఈ రెండూ పక్కపక్కన చూపించాను. పెద్దాయనకు మొదట నచ్చలేదు. అప్పుడు బరువున్న 'నో షో'ల పట్టిక తెరమీద పెట్టాను. పెద్దాయన ఒక్కో వరుసా చదివాడు. చివరికి నేను చెప్పిన చిన్న మార్పుకు ఒప్పుకున్నారు. ఒంటరిగా వచ్చినవాళ్లకు బరువు బల్ల దగ్గర పసుపు చీటీ ఇస్తారు. చీటీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును చూసి, బిల్లు తర్వాత కట్టొచ్చు. మీరు ఆ హాలులో మాట్లాడారటగా, లెక్క పాడవలేదా అని మా మేనేజరు తర్వాత అడిగాడు. ఒక వరుస పాడైందని చెప్పాను.

నెల తర్వాత చీటీలు ఎలా నడుస్తున్నాయో కనుక్కోవడానికి సిస్టరుకు ఫోన్ చేశాను. మాటల్లో మణికొండ ఆమె గురించి అడిగాను. ఆపరేషన్ అయిందండీ, బాగానే ఉంది, పక్కింటామె ఎవరో తోడొచ్చి మూడు రోజులు కదలకుండా కూర్చుంది అని చెప్పింది. సంతోషమనిపించింది. ఆమెకు ఎవరో దొరికారు. ఫోన్ పెట్టేశాక ఇల్లు మామూలు కన్నా నిశ్శబ్దంగా ఉంది. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకుని, అప్పటికప్పుడు గురువారానికి నా పేరు రాయించుకున్నాను.

గురువారం బరువు బల్ల ముందు నిలబడితే సిస్టరు నన్ను గుర్తుపట్టి నవ్వింది. పని మీద వచ్చాననుకుంది. ఫైలు చేతికిచ్చాక నవ్వు తగ్గించుకుని, అందరినీ అడిగినట్టే అడిగింది, మీతో ఎవరొచ్చారండీ అని. అలవాటు ప్రకారం మా తమ్ముడు పార్కింగ్‌లో సిద్ధంగానే ఉన్నాడు. నాలుక చివరిదాకా వచ్చాడు.

"ఎవరూ రాలేదండీ. ఒక్కదాన్నే వచ్చాను."

ఆమె పసుపు చీటీ చింపి నా ఫైలుకు పిన్ను కొట్టింది. నేను కంప్యూటర్లో చుక్కల కోసం తయారు చేసిన చీటీ అది. రంగు కూడా నేనే ఎంచాను. తర్వాత తూకం ఎక్కమంది. యాభై ఆరు. అంకె ఎక్కిస్తూ తెరమీద పాత అంకె చూసి ఆగిపోయింది.

"వేసవిలో అరవై ఒకటి ఉన్నారే. ఇంత తగ్గిపోయేదాకా ఎందుకండీ రాలేదు?"

"వచ్చానండీ," అన్నాను. "మీరు మూడుసార్లు పిలిచినప్పుడు కింద లైనులో ఉన్నాను."